రెండో కంట్రోలర్

"ఇది మన మాట వినే పడవ కాదన్నా," అంది సాహిరా.

టీవీలో తుఫాను చెలరేగుతోంది. నల్లటి అల ఒకటి ఇంటి కప్పంత ఎత్తు లేచి విరిగింది. పడవ ముక్కు ఆకాశం వైపు తిరిగి, మళ్ళీ నీళ్ళలోకి దిగింది. దూరంగా లైట్‌హౌసు వెలుగు వర్షంలో తడిసి చెదిరిపోతోంది. అఫ్జల్ మంచం అంచున కూర్చుని కళ్ళార్పకుండా చూస్తున్నాడు. కొత్త కన్సోల్‌తో పాటు విడుదలవుతున్న మూడు ఆటల్లో ఇదే పెద్దది. పేరు ‘డీప్ గేల్’.

"బో బాగుండాది కదే," అన్నాడు.

"చూసేదానికి బో బాగుండాది. ఇప్పుడు చూడు." సాహిరా కంట్రోలర్‌ను చాప మీద పెట్టి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

పడవ ఆగలేదు. ఎవరో నడుపుతున్నట్టే అల ఎక్కింది, దిగింది. రాళ్ళ మధ్యకొచ్చేసరికి కాస్త తడబడినట్టు ఊగి, సందులోంచి బయటపడింది. చివరకు లైట్‌హౌసు కింద గట్టుకు చేరి నిలబడింది. తెర మీద బంగారు రంగు అక్షరాలు మెరిశాయి.

"తిప్పితే తిరిగినట్టుంటాది. తిప్పకపోయినా తిరగతాది. అల మనల్ని కొట్టినట్టు కనబడతాది గానీ కొట్టదు. ఇంక మనం కూర్చునేది ఎందుకు?"

"మరి ఆ కారుది?"

"అదీ ఆటంటే!" సాహిరా ముఖం వెలిగింది. "కొండదారిలో తడి రోడ్డు వచ్చినప్పుడు బ్రేకు గట్టిగా నొక్కితే బటన్ లోపల గరగరమంటాది. ఆ గరగర రాకముందే వదిలెయ్యాల. కళ్ళతో కాదు, వేలితో ఆడాల. కన్సోల్ కొన్నోళ్ళకు అది ఒక్కటి చాలు. మూడోది, బొమ్మలది, చిన్నపిల్లల ఆటని అందరూ తీసిపారేస్తారు చూడు. అది ఇద్దరు కూర్చుని ఆడాల. ఒకరు తొందరపడితే రెండోవాళ్ళు పడిపోతారు. అమ్మను కూర్చోబెట్టి ఆడినా, ఆమెకే ఓపిక ఎక్కువ."

"కన్సోల్?"

"చల్లగా ఉండాది, చప్పుడు లేదు. కంట్రోలర్ మటుకు పెద్దది. మొగోళ్ళ చేతులు చూసి చేసినట్టుండారు."

అఫ్జల్ నవ్వాడు. ‘ఏనుగు పిల్లకు సరిపోయే కంట్రోలర్ ఫ్రెండ్స్’ అని ఒక మాట అప్పుడే తయారైంది అతని బుర్రలో. వాళ్ళ పని అట్లానే జరుగుతుంది. ఆడేది సాహిరా. ఏది బాగుందో, ఏది బాగాలేదో చెప్పేది ఆమె. ఆ పొడిమాటలకు నవ్వులూ విరుపులూ కలిపి కెమెరా ముందు చెప్పేది అఫ్జల్. ఛానల్ పేరు ‘అఫ్జల్ ఆటగాడు’. మొదట్లో ఒక వీడియోలో సాహిరా గొంతు వినబడితే కింద కొందరు రాయకూడని రాతలు రాశారు. అప్పుడు అఫ్జల్ ఆ వీడియో తీసేసి, "ఇంక నువ్వు కనబడొద్దు, నేను చూసుకుంటా," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అది చెల్లెలి మంచికే. ఆ తర్వాత ఎప్పుడు అది తన సుఖానికి మారిందో అతను ఆలోచించలేదు.

ఇంటి ముందు భాగమే వాళ్ళ నాయన సుభాని పరుపుల కొట్టు. బోగోలు రోడ్డు మీద పోయే లారీల మోతా, దూదేకే మిషను మోతా కలిసి పగలంతా గోడలు అదురుతుంటాయి. మధ్యాహ్నం అన్నం వేళ సుభాని మిషను ఆపుతాడు. రికార్డింగ్ అప్పుడే. ఆ రోజు అఫ్జల్ లైటు సరిచేసుకుని మైకు ముందు కూర్చోబోతుండగా ఫోను మోగింది. నెల్లూరులో ఎలక్ట్రానిక్స్ షాపు నడిపే నరేంద్రబాబు. విడుదలకు ముందే కన్సోల్‌ను ఆడి చూడమని పంపింది ఆయనే.

"తమ్ముడూ, వీడియో ఎప్పుడు?"

"ఈరోజే తీస్తా ఉండా సార్."

"మంచిది. ఇదిగో, ఆ సముద్రం గేము ఉంది చూడు, కంపెనీవాళ్ళు దాని మీదే ఆశ పెట్టుకున్నారు. నువ్వు చెప్పేది నువ్వు చెప్పు, నేనేమీ అనను. దాన్ని మాత్రం కొంచెం లేపి చెప్పు. మనకు మనకు మధ్య మాట."

"అట్నే సార్," అన్నాడు అఫ్జల్. అనడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

మరునాడు సాహిరా కొట్లో కూర్చుని పరుపు అంచు కుడుతోంది. మూరెడు పొడవు సూది, మైనం రాసిన దారం. సూదిని పరుపులో ఈ వైపు నుంచి గుచ్చి, అరచేత్తో నొక్కి, అవతల లాగి, దూది కదలకుండా ముడి బిగిస్తోంది. ఫోను ఎదురుగా దూది మూటకు ఆనించి ఉంది. అందులో అన్న మాట్లాడుతున్నాడు. కారు ఆట గురించి చెబుతుంటే ఆమె తలాడించింది. ఏనుగు పిల్ల మాటకు నవ్వింది కూడా.

"ఇక ‘డీప్ గేల్’ ఫ్రెండ్స్! ఈ పడవ నడపాలంటే గుండె కావాల. నేను మొత్తం ఆడినా. ఆ రాళ్ళ సందులో పోయేటప్పుడు నా చేతులు వణికినాయి. ఆట అయిపొయ్యాక కూడా వేళ్ళు నొప్పి పుడతానే ఉండాయి!"

సాహిరా సూది ఆగింది. గడపలో నిలబడ్డ అఫ్జల్ అది చూశాడు.

"నీ వేళ్ళు నొప్పి పుట్టినాయా?" అంది ఆమె, తలెత్తకుండా.

"నరేంద్రబాబు సార్ అడిగినాడే. మిగతా రెండూ నువ్వు చెప్పినట్టే చెప్పినా కదా."

"అవును. చెప్పినావు."

పళ్ళతో దారం కొరికి, పరుపును అవతలి వైపుకు తిప్పుకుంది. అంతే. ఆమె ఇంకేదైనా అనుంటే తిరిగి అనడానికి అఫ్జల్ దగ్గర మాటలున్నాయి. 

వీడియోను చాలామంది చూశారు. నరేంద్రబాబు మళ్ళీ ఫోను చేశాడు, ఈసారి సంబరంగా. ఆదివారం నెల్లూరులో విడుదల పండగ. హాలు మాట్లాడాడు. అఫ్జల్ వేదిక మీద కూర్చుని అందరి ముందూ ‘డీప్ గేల్’ ఆడాలి. "షాపు సరుకు ఇంకా రాలేదు తమ్ముడూ, నీ దగ్గరున్న కన్సోలే పట్టుకొచ్చెయ్."

ఫోను పెట్టేశాక అఫ్జల్ కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాడు. మొదటి మెనూ దాటడానికే తికమకపడ్డాడు. ఏ బటన్ ఏమిటో చూడకుండా అతని వేళ్ళకు తెలియదు. అందరి ముందూ ఒక్కసారి కిందికి చూసుకుంటే చాలు, ఛానల్ చూసే పిల్లలకు అర్థమైపోతుంది. పడవ దానంతటదే పోతుందని సాహిరా చూపించింది గానీ, అంతమంది ముందు దాన్ని నమ్ముకునే ధైర్యం అతనికి లేదు.

సాయంత్రం పెరట్లో సాహిరా బట్టలు తీస్తుంటే దగ్గరికి వెళ్ళాడు. చెప్పాల్సింది చెప్పి, చివర్లో గొంతు తగ్గించాడు. "రెండో కంట్రోలర్ ఉండాది కదా. నువ్వు కింద కుర్చీలో కూర్చుని బ్యాగులో పెట్టుకుని ఆడు. నేను పైన చేతులు కదిలిస్తా. ఎవురికీ తెలవదు."

ఆమె దుప్పటి మడత పెడుతూ ఆగింది. "సినిమాల్లో పాటల మాదిరిగానా?"

"ఈ ఒక్కసారే సాహిరా."

"ఏ ఆట?"

"సముద్రంది."

దుప్పటిని ఇంకోసారి మడిచి, భుజం మీద వేసుకుంది. "సరే. వస్తా."

అంత సులువుగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. గుండె మీంచి బరువు దిగినట్టయింది. అలా దిగినందుకే సిగ్గేసి, ఆమె చేతిలోని బట్టలు తీసుకుని లోపల పెట్టాడు. అతను ఎప్పుడూ చేయని పని అది.

"దాన్నెందుకురా నెల్లూరు తిప్పతావు?" అంది వాళ్ళమ్మ జైతూన్‌బీ.

"తోడుకమ్మా. సామాను పట్టుకోను."

హాలు నిండిపోయింది. ఎక్కువమంది కాలేజీ పిల్లలు. ‘అఫ్జలన్నా!’ అని అరుస్తూ ఫోనులు పైకెత్తారు. నరేంద్రబాబు అఫ్జల్ భుజం చుట్టూ చెయ్యి వేసి వేదిక ఎక్కించాడు. వెనక గోడంత తెర. అఫ్జల్ కుర్చీలో కూర్చుని, ఆపి ఉన్న కంట్రోలర్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. మూడో వరస చివర సాహిరా కూర్చుని ఉంది. ఒళ్ళో నల్ల హ్యాండ్‌బ్యాగు, దాని మీద చున్నీ, చున్నీ కింద చేతులు.

తుఫాను మొదలైంది. పడవ కుడికి తిరిగితే అఫ్జల్ బొటనవేలు కుడికి తిప్పాడు. ఎడమకు తిరిగితే ఎడమకు. అర క్షణం ఆలస్యమవుతోంది, అయినా ఎవరూ అతని వేళ్ళను చూడటం లేదు. అందరి కళ్ళూ తెర మీదే. అతనికి ధైర్యం వచ్చింది. నోరు కూడా లేచింది. "ఇదిగో ఫ్రెండ్స్, ఇప్పుడొస్తాది పెద్ద అల, గట్టిగా పట్టుకోండి!" హాలంతా కేక పెట్టింది.

రాళ్ళు కనబడ్డాయి. అఫ్జల్ అలవాటుగా మూడో వరస చివరకు చూశాడు.

సాహిరా చేతులు రెండూ ముందు కుర్చీ వీపు మీద ఉన్నాయి. వేళ్ళు చాపి, ఖాళీగా, అందరికీ కనబడేలా. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో జిప్పు వేసి ఉంది. ఆమె తెరను చూడటం లేదు. అతన్ని చూస్తోంది.

అఫ్జల్ వేళ్ళు కొయ్యబారిపోయాయి. తెర మీద పడవ అల ఎక్కింది. దిగింది. ముక్కు రాయి వైపు తిరిగింది. ఎవరో ఆడపిల్ల "అయ్యో!" అంది. పడవ ఊగి, సందులోకి దూరి, బయటపడింది. అఫ్జల్ కంట్రోలర్‌ను కదపలేదు. కదపాలన్న జ్ఞాపకం కూడా లేదు. గట్టు దగ్గరికొచ్చి పడవ నిలబడింది. బంగారు అక్షరాలు మెరిశాయి.

హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఈలలు వేశారు. "చేతులు కదపకుండా తిప్పినాడు చూడరా!" అని ముందు వరసలో ఎవరో అరిచారు. నరేంద్రబాబు పరుగున వచ్చి ఆ చేతినే పట్టి పైకెత్తాడు. అఫ్జల్ నవ్వాడు. ఆ నవ్వు తన ముఖం మీద ఎలా ఉందో అతనికి తెలుస్తూనే ఉంది. అయినా దాన్ని దించలేకపోయాడు.

జనం పలచబడ్డాక సాహిరా వచ్చి వైర్లు చుడుతోంది. నరేంద్రబాబు చూశాడు. "ఎవరు తమ్ముడూ?"

"మా చెల్లెలు సార్. తోడొచ్చింది."

"ఓహో! నువ్వు కూడా ఆడతావా అమ్మా?"

సాహిరా తలెత్తింది. ఆమె పెదవులు విడివడటం అఫ్జల్‌కు కనబడింది. ఆమె ఏమంటుందో తెలియని భయంలో అతని నోరే ముందు కదిలింది. "దానికి ఇయన్నీ తెలవవు సార్."

"ఇంట్లో ఇంత పెద్ద ఆటగాణ్ణి పెట్టుకుని నేర్చుకోకపోతే ఎట్లమ్మా!" అని నరేంద్రబాబు నవ్వుతూ వెళ్ళిపోయాడు. సాహిరా వైరు చివర రబ్బరు బ్యాండు వేసి, పెట్టెలో పెట్టింది.

బస్సులో ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికింది. అఫ్జల్ కన్సోల్ పెట్టెను కాళ్ళ మధ్య పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. బస్సు కొడవలూరు దాటింది. రోడ్డు పక్క కోత కోసిన చేలలో గొర్రెలు మేస్తున్నాయి. వెనక సీటాయన దిగాక అఫ్జల్ వంగి అన్నాడు, "ఎందుకు చేసినావు అట్టా?"

"నేనేం చేసినా? ఏం చేయకుండా కూర్చున్నా."

"పడవ రాయికి తగిలుంటే? నా పరువేం కావాల?"

"తగలదని నీకు ముందే చెప్పినా." ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. "నేను ఇన్నేళ్ళు ఆడితే కొట్టిన చప్పట్లూ, ఎవురూ ఆడకపోతే కొట్టిన చప్పట్లూ ఒకటే మాదిరిగా ఉండాయన్నా. అది చూద్దామనే వచ్చినా."

అఫ్జల్ పైన కమ్మీని పట్టుకున్న చెయ్యి మార్చాడు.

"స్టేజి మీద ఏడుపు రాలేదు నాకు," అంది సాహిరా మళ్ళీ. "దానికి తెలవవు సార్ అంటివే, అప్పుడొచ్చింది."

కండక్టరు వచ్చి పెట్టెకు టికెట్ కావాలన్నాడు. అఫ్జల్ ఆ మాట వినలేదు. కండక్టరు రెండోసారి గట్టిగా అడగాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆమె కన్సోల్ వైపు రాలేదు. కోపంగా కూడా లేదు. అన్నం పెట్టమంటే పెట్టింది, అడిగినదానికి బదులిచ్చింది. "ఇంకో వీడియో తియ్యాల," అంటే మాత్రం, "నాకు పనుండాది," అని సూదీ దారం తీసుకుని కొట్లోకి వెళ్ళింది. అఫ్జల్ తలుపు వేసుకుని కారు ఆట పెట్టాడు. మొదటి మలుపులోనే కారు లోయలో పడింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. బటన్ లోపల గరగర అతని వేలికి తెలుస్తోంది, కానీ తెలిసేసరికే కారు గాల్లో ఉంటోంది. తను వందలమందికి నవ్వుతూ వివరించిన సంగతి ఇదే. దాన్ని తన చేత్తో తాకడం మాత్రం ఇదే మొదటిసారి.

చాలాసేపటికి లేచి కొట్లోకి వెళ్ళాడు. సుభాని దూది తూకం వేస్తున్నాడు. సాహిరా కుడుతోంది. జైతూన్‌బీ గడపలో కూర్చుని ఆకుకూర బాగుచేస్తోంది. అఫ్జల్ నిలబడే చెప్పేశాడు, అందరి ముందూ. ఆడేది ఎవరో ఇంట్లో వాళ్ళకు కొత్త కాదు. నెల్లూరులో ఏం జరిగిందో మాత్రం వాళ్ళకు తెలియదు.

సుభాని తక్కెడ కింద పెట్టాడు. "అందరి ముందరా అది ఆడతా ఉంటే నువ్వు చేతులూపినావా?"

"ఊపినా నాయనా."

ఆయన మళ్ళీ తక్కెడ అందుకున్నాడు. తిట్టలేదు. తిట్టివుంటే అఫ్జల్‌కు నయంగా ఉండేది.

"ఈసారి నువ్వే చెప్పు సాహిరా," అన్నాడు. "ఛానల్ నీకిస్తా."

"నాది నాకిస్తావా?" అంది ఆమె. సూది గుచ్చి, అవతల లాగింది. "ఛానల్ పేరు అట్నే ఉండనీ. నేను చెప్పేది చెప్తా. దాంట్లో నువ్వు ఏం కలపబాకు, ఏం తియ్యబాకు."

"మొహం ఎందుకే ఆ ఫోనుల్లో," అంది జైతూన్‌బీ, ఆకులు వదిలేసి.

"మొహం వద్దులేమ్మా. చేతులు చాలు."

మరునాడు మధ్యాహ్నం రికార్డింగ్. అఫ్జల్ కెమెరాను కిందికి దించి, ఆమె ఒళ్ళో ఉన్న కంట్రోలర్ కనబడేలా పెట్టాడు. మైకును ఆమె ఎత్తుకు వంచాడు. సూది నొక్కీ నొక్కీ గట్టిపడిన అరచెయ్యి వెలుతురులో కనబడింది. "నా పేరు సాహిరా," అని మొదలుపెట్టింది. ఆపి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మూడు ఆటలూ ఆడుతూ, ఏ వేలు ఎక్కడ ఎందుకు పెట్టాలో చూపిస్తూ చెప్పింది. నవ్వు కలపాల్సిన చోట్లు అఫ్జల్‌కు తెలుస్తూనే ఉన్నాయి. ఆమె కలపలేదు. కలపకపోయినా అది బాగుందని అతనికి అర్థమవుతుంటే, తను ఇంతకాలం చేసిన పని ఏమిటా అనిపించింది.

సముద్రం ఆట దగ్గర ఆమె కంట్రోలర్ కింద పెట్టింది. "మొన్న నెల్లూరులో స్టేజి మీద ఈ పడవ గట్టుకు చేరింది. అప్పుడు దాన్ని ఎవురూ ఆడలేదు. మా అన్న చేతిలో ఉండిన కంట్రోలర్ ఆపి ఉండింది, నాది బ్యాగులో ఉండింది. కొనేముందు ఈ మాట తెలుసుకోండి."

వీడియోను సరిచేయడం అఫ్జల్ పని. ఆ మాట దగ్గర తెర ఆపి కూర్చున్నాడు. అక్కడ కత్తిరిస్తే అతుకు కూడా తెలియదు. సాహిరా పక్క గదిలో ఉంది, వచ్చి చూడదు. అతను వేలు మౌస్ మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. చివరకు ఏమీ తీయకుండానే ఎక్కించాడు.

గంట తిరక్కముందే నరేంద్రబాబు ఫోను. ఈసారి తమ్ముడూ లేదు. మనిషిని పంపుతున్నానని, కన్సోల్ ఇచ్చెయ్యమని చెప్పి పెట్టేశాడు. వచ్చిన మనిషికి సాహిరాయే పెట్టె అందించింది. రెండు కంట్రోలర్లూ గుడ్డతో తుడిచి మరీ పెట్టింది.

అఫ్జల్ వీడియో కింద రాతలు చదవడం మొదలుపెట్టాడు. తిడతారని సిద్ధంగా ఉన్నాడు. మోసగాడంటారు, వెళ్ళిపోతామంటారు.

‘ఎవరీమె? అన్నను పిలవండి.’

‘స్టేజి కథ సూపర్ జోక్.’

‘కారు గేము గురించి అన్న చెప్పిన మాటలే మళ్ళీ చెబుతోంది. మొత్తం కాపీ.’

ఆ చివరి మాట కింద ఇంకా చాలామంది అవునంటే అవునన్నారు. అన్న మాటలు అప్పజెబుతోందట. అన్న లాగా చెప్పాలని చూస్తోంది గానీ రావడం లేదట. వీడియోల్లో తను ‘నేను ఆడినా’ అన్న ప్రతిసారీ ఆమె నోట్లోంచి ఒక మాట తీసుకున్నాడు. ఇప్పుడు ఆమె దగ్గర సొంత మాట ఒక్కటీ మిగలలేదు.

గబగబా తన పేరుతో రాశాడు: ‘కాపీ కొట్టింది నేను. ఇన్నేళ్ళుగా ఆడిందీ, మీకు చెప్పిన మాటలన్నీ అన్నదీ మా చెల్లెలే. స్టేజి సంగతి కూడా నిజం.’

జవాబులు వెంటనే వచ్చాయి. ఎర్ర హృదయాలు, దండాలు.

‘చెల్లెల్ని పైకి తేవడానికి ఎంత మాటన్నాడో! గొప్ప మనసన్నా నీది.’

‘ఇలాంటి అన్న అందరికీ ఉండాలి.’

‘అన్నా, నీ మీద గౌరవం పెరిగింది.’

అవి ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతూనే ఉన్నాయి. అఫ్జల్ ఆపలేడు, కాదనలేడు. ఎంత కాదంటే అంత పెరుగుతాయి. ఫోను పట్టుకుని కొట్లోకి వెళ్ళి చెల్లెలికి చూపించాడు. ఆమె కొన్ని చదివింది. "దీన్ని కూడా నీ ఖాతాలోనే వేసినారా!" అంది. గట్టిగానే నవ్వింది. ఆ నవ్వులో అతనికి చోటు లేదు.

"ఇంక నువ్వేం రాయబాకన్నా."

ఆమె వేలితో కిందికి తోసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. చిల్లకూరు నుంచి గంగాభవాని అని ఎవరో అడిగింది: ‘సాహిరా అక్కా, నాది ఎడమచేతి వాటం. బటన్లు అటూ ఇటూ మార్చుకుని ఆడొచ్చా? కారు గేములో కుదురుతుందా?’

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. సూదిని పరుపులో గుచ్చి వదిలేసి, ఒళ్ళోని దూది దులుపుకుని, ఫోను తన చేతిలోకి తీసుకుంది. కన్సోల్ ఇంట్లో లేదు. కళ్ళు మూసుకుని, వేళ్ళను గాల్లో ఒక్కొక్కటే కదిలించి చూసుకుంది. ఎడమచెయ్యి, కుడిచెయ్యి, మళ్ళీ ఎడమచెయ్యి. తర్వాత రాయడం మొదలుపెట్టింది.

అఫ్జల్ పక్కనే గొంతుక్కూర్చుని, అక్షరాలు ఒక్కొక్కటీ తెర మీద పడుతుంటే చదివాడు. ఆ జవాబు అతనికి తెలియదు. మధ్యలో ఒకచోట వాక్యం మరీ పొడిగా ఉందనిపించింది, ఒక సరదా మాట నాలుక చివరి దాకా వచ్చింది. అతను నోరు తెరవలేదు.

సాహిరా చివర తన పేరు రాసి పంపించింది.